అమ్మ గాజులు

నాన్నకు బైపాస్ తప్పదని డాక్టరు చెప్పినప్పుడు నా చెవిన పడింది మూడున్నర లక్షలన్న మాట ఒక్కటే. అమ్మ ఏమీ అనకుండా గాజులు తెచ్చి నా చేతిలో పెట్టింది. సబ్బు రాసి తీసినట్టుంది, ఇంకా తడిగానే ఉన్నాయి.

ఆ రాత్రంతా అంచనా కాగితం ముందు కూర్చున్నాను. ఆపరేషన్ వేరు, ఐసీయూ వేరు, రక్తం, మందులు వేరు. గది మారితే సర్జను ఫీజూ మారుతుందట!

మర్నాడు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ బల్ల దగ్గర రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రను కలిశాను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో బైపాస్ ఉంది. ఇంటికి వచ్చాక 10 రోజుల మందులు కూడా అందులోనే. తెల్లకార్డు ఉన్న మాకు ఈ మాట ముందే ఎవరూ చెప్పలేదన్న బాధ ఇంకా పోలేదు. దయచేసి బంగారం తీసే ముందు ఆ బల్ల దగ్గరకు వెళ్లి అడగండి.

నిన్న నాన్న వీధి చివరిదాకా నడిచారు. పక్కనే అమ్మ, చేతికి గాజులతో.