కొంగుముడి

రాత్రి పదకొండు దాటింది. పడుకున్నా నిద్ర పట్టక లేచి వచ్చాను.

సాయంత్రం మందుల దుకాణం దగ్గర మా సంఘంలోని అక్క కనిపించింది. ఎల్లుండి ఆమె బయాప్సీ ఫలితం వస్తుంది. నా చేయి పట్టుకుని, "పొద్దున నా కోసం ప్రార్థన చేశావు కదమ్మా?" అని అడిగింది. "చేశానక్కా" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది.

నేను చేయలేదు.

మోకరించిన మాట నిజం. అయిదింటికే లేచి, ముఖం కడుక్కుని, బైబిలు తెరిచి, స్తోత్రాలు చెల్లించి, ఆమె పేరు ఎత్తబోతుండగా ఈయన తలుపు తోసి "చార్జరు ఎక్కడ పెట్టావు?" అన్నారు. ఎన్నిసార్లు చెప్పాలి? మోకాళ్ళ మీద ఉన్న మనిషిని పలకరించకూడదని ఈ ఇంట్లో ఒక్కరికీ ఎందుకు తోచదు? ఆయన పేపరు చదువుతుంటే పిల్లలు గొంతు తగ్గించి మాట్లాడాలి. నేను దేవునితో మాట్లాడుతున్నప్పుడే పాలవాడు వస్తాడు, చిన్నదాని టై కనిపించదు, మోటారు వేయాలో వద్దో అడగాల్సి వస్తుంది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమని మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. మా గది తలుపుకు గడియ పడదు. వడ్రంగిని పిలవమని మూడు నెలలుగా అడుగుతున్నాను.

మా నాయనమ్మకు గది కూడా లేదు. ఒంగోలులో వంటపాకలోనే పొయ్యి పక్కన గోనెపట్టా పరుచుకుని మోకరించేది. ఎవరైనా ప్రార్థన చేయమని అడిగితే అక్కడికక్కడే కొంగు కొసకు ముడి వేసుకునేది. తెల్లవారుజామున ఒక్కో ముడి పట్టుకుని, పేరు పైకే చెప్పి, ఆ మనిషి సంగతి అంతా దేవునికి విన్నవించాకే ముడి విప్పేది. మధ్యలో మనసు ఎటో పోయిందనిపిస్తే విప్పిన ముడిని మళ్ళీ వేసి మొదటి నుంచి మొదలుపెట్టేది. నేతచీర కదా, ముడి బిగుసుకుపోతే వేళ్ళకు వచ్చేది కాదు, పళ్ళతో లాగేది. ఆమె చీరలన్నీ ముందు ఆ మూలే చిరిగేవి.

జనవరి 1న చీకటి ఉండగానే మమ్మల్ని ప్రార్థన కొండ ఎక్కించేది. 1854లో అదే రోజు తెల్లవారుజామున అమెరికా మిషనరీ జువెట్ దొర, దొరసాని, నెల్లూరు జూలియా, మరో ఇద్దరు, మొత్తం అయిదుగురే అక్కడ ఒంగోలు కోసం ప్రార్థించారని ప్రతి ఏడూ కొత్తగా చెప్పేది. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ క్లౌ దొర ఒంగోలుకు వచ్చింది 1866లో. పన్నెండేళ్ళు ఎదురుచూడాల్సి వచ్చిందని వేళ్ళు మడిచి చూపించేది. ఒకసారి వణుకుతూ, "వాళ్ళకు చలి వేయలేదా?" అని అడిగాను. "వేయకుండా ఉంటుందా? అదీ ఆయనకే చెప్పుకుని ఉంటారు" అని నన్ను కొంగు కిందికి లాక్కుంది. కొంగు ముడులు నా చెంపకు గుచ్చుకున్నాయి.

ఇంతవరకు రాశాక ఈయన మీద కోపం నిలవడం లేదు. ఆయన తలుపు తోసేసరికి నేను అక్క పేరుకు దరిదాపుల్లో కూడా లేను. స్తోత్రాల మధ్యలోనే వ్యాను ఫీజు గుర్తొచ్చింది. ఇరవయ్యో తేదీన చీటీ డబ్బు వస్తే దేనికెంత సర్దాలో లెక్క వేసుకుంటున్నాను. పెదవులు మాత్రం స్తోత్రం అంటూనే ఉన్నాయి. ఆయన పిలుపుతోనే తెలివిలోకి వచ్చాను. అలా దొరికిపోయానన్న ఉక్రోషంతోనే ఆమేన్ అనేసి లేచాను.

ధ్యాస చెదిరినందుకు ప్రభువు క్షమిస్తాడు. గెత్సేమనే తోటలో నిద్రపోయిన శిష్యులను ఆయన విడిచిపెట్టలేదు. అక్కతో "చేశాను" అన్న మాటే గొంతులో ముల్లులా గుచ్చుతోంది. ఇప్పుడు ప్రార్థన చేసేస్తే చాలు, ఆమెకు చెప్పనక్కర్లేదని ఇందాక అనుకున్నాను. ఫలితం రాకముందే ఆమె మనసు కష్టపెట్టడం ఎందుకని. కానీ ఆమె నా మాట నమ్మి కళ్ళు తుడుచుకుంది. పొద్దున ఫోను చేసి, "నిన్న ఉదయం చేయలేదక్కా, రాత్రి చేశాను" అని చెబుతాను.

చున్నీ కొసకు ముడి వేశాను. వెళ్ళి మోకరిస్తాను.