గ్రీన్ బెల్ట్ విప్పేసి మళ్లీ వైట్ కట్టుకున్న రోజు

మా చిన్నదానికి పదేళ్లు. పోయిన జూన్‌లో కాకినాడ నుంచి హైదరాబాద్ మారాక ఇంటి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడిచే కరాటే క్లాస్‌లో చేర్పించాం. మొదటి రోజు గ్రీన్ బెల్ట్ కట్టుకుని వెళ్లింది, ఆ బెల్ట్ నడుముకి ఉంటే దాని నడకే వేరు. మాస్టర్ గారు ఏమీ అడగలేదు, "హేయాన్ షోదాన్ చెయ్యి తల్లీ" అన్నారంతే.

తెలియనివాళ్లకి చెప్తాను, షోటోకాన్ అనే కరాటే శాఖలో చాలాచోట్ల పిల్లలు మొట్టమొదట నేర్చుకునే కటా అది, కటా అంటే ఒక వరసలో చేసే కదలికల పాఠం. 21 కదలికలు. మధ్యలో ముందుకు వెళ్తూ మూడుసార్లు పైకి బ్లాక్ చేసి, మూడోదానికి గట్టిగా అరిచి, అక్కణ్ణుంచి వెనక్కాలుని తిప్పుకుంటూ ముప్పావు చుట్టు తిరిగి కింది బ్లాక్‌లో ఆగాలి. మా అమ్మాయి తిరిగింది, రెండు పాదాలూ ఒకే గీత మీద పడ్డాయి, తూలింది. మళ్లీ చేయించారు, మళ్లీ తూలింది. నాలుగోసారికి దాని కళ్లల్లో నీళ్లు. మాస్టర్ గారు దగ్గరికొచ్చి, "రేపట్నుంచి వైట్ కట్టుకో నాన్నా, గ్రీన్ ఇంట్లో దాచుకో, అది నీదే, ఎక్కడికీ పోదు" అన్నారు.

ఇంటికొచ్చే దారంతా స్కూటీ వెనకాల కూర్చుని ఏడ్చింది. నాకైతే కోపం వచ్చింది, మొదట ఈయన మీద, రాత్రయ్యేసరికి పాత క్లాస్ మీద. అక్కడ మూడు నెలలకోసారి బెల్ట్ టెస్ట్, టెస్ట్ ఫీజు, బెల్ట్, సర్టిఫికెట్, ఫొటో. నాకు గుర్తున్నంతలో ఒక్క పిల్లాడు కూడా ఫెయిలవలేదు. ఒకసారైతే డబుల్ ప్రమోషన్ అని ఎల్లో నుంచి ఆరెంజ్ దాటించేసి నేరుగా గ్రీన్ ఇచ్చారు, ఎక్స్‌ట్రా డబ్బు కట్టింది నేనే, ఆ సాయంత్రం చుట్టాలందరికీ వాట్సాప్‌లో ఫొటో పంపింది కూడా నేనే. ఆ తిరగడం తప్పని పిల్లకి రెండేళ్లలో ఎవరూ చెప్పలేదు, అది తల్చుకుంటే ఇప్పటికీ మనసు మండుతుంది.

అసలీ రంగులు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

కరాటే పుట్టింది జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల్లో కదా, అక్కడ పాతకాలంలో బెల్టులూ లేవు ర్యాంకులూ లేవు. ఇంటి పెరట్లోనో ఊరి బయటో మామూలు బట్టల్లోనే సాధన చేసేవాళ్లు, ఎవరికి ఎంతవరకు వచ్చిందో గురువుకి తెలుసు, తరవాతి పాఠం ఎప్పుడు చెప్పాలో ఆయనే చూసుకునేవారు. నాకిది చదవగానే మా సంగీతం టీచర్ గారు గుర్తొచ్చారు. సరళీ స్వరాలు మూడు కాలాల్లో వస్తేనే జంట స్వరాలు, అలంకారాలు కుదిరితేనే గీతం, ఎవరి మెడలోనూ రంగు రిబ్బన్ లేదు, "ఇంకో వారం ఇదే పాడు" అంటే అదే పాడాలి. గోజు ర్యూ అనే కరాటే శాఖ స్థాపించిన చోజున్ మియాగి 1953లో పోయారు, బతికున్నన్నాళ్లూ తన శిష్యుల్లో ఎవరికీ దాన్ ర్యాంకు, అంటే బ్లాక్ బెల్ట్ మెట్టు, ఇవ్వలేదని చెప్తారు.

మరి దాన్ అనేది ఎలా వచ్చిందంటే జూడో ద్వారా వచ్చింది. జిగోరో కానో 1882లో టోక్యోలో కోదోకాన్ అనే జూడో బడి పెట్టారు, ఆయన స్వతహాగా బడి పంతులు, విద్యాశాఖలో పెద్ద పదవులు చేసిన మనిషి. పిల్లలు మెట్టు మెట్టుగా ఎలా ఎదుగుతారో తెలిసినవాడు కాబట్టి, గో అని మన చదరంగంలాగా వాళ్లకి బల్ల మీద ఆడే ఆట ఒకటుంది, అందులో ఆటగాళ్లకిచ్చే దాన్ పద్ధతిని జూడోకి తెచ్చి 1883లో ఇద్దరు శిష్యులకి మొదటి దాన్ ఇచ్చారు. దాన్ వచ్చినవాళ్లు నల్ల నడికట్టు కట్టుకోవడం ఆ తర్వాత కొన్నేళ్లకి మొదలైంది. ఒకినావా నుంచి కరాటే గురువు గిచిన్ ఫునాకోషి 1922లో టోక్యో వచ్చినప్పుడు కానో ఆయన్ని పిలిచి కోదోకాన్‌లో కరాటే చేసి చూపించమన్నారు. ఫునాకోషి జూడో వాళ్ల డ్రెస్సూ బెల్టూ దాన్ పద్ధతీ అన్నీ తీసుకున్నారు, 1924లో కరాటేలో మొదటి దాన్‌లు ఇచ్చారు. అంటే కరాటేలో బ్లాక్ బెల్ట్ వయసు నిండా నూరేళ్లు పైచిలుకు, అంతే. నేనేమో వేల ఏళ్ల నాటిదనుకున్నాను.

పాత క్లాస్‌లో పిల్లలకి ఒక కథ చెప్పేవాళ్లు, పూర్వం బెల్ట్ ఉతికేవాళ్లు కాదనీ, ఏళ్ల తరబడి చెమటా మట్టీ పట్టి తెల్లది పసుపై, ఆకుపచ్చై, చివరికి నల్లగా అయ్యిందనీ. కథ బాగుంటుంది గానీ నిజం కాదు. నలుపు కానో కాలంలోనే ర్యాంకుకి గుర్తుగా పెట్టింది. మధ్యలో ఉన్న పసుపు, ఆరెంజ్, ఆకుపచ్చ ఇంకా తర్వాతవి, అవి యూరప్‌లో జూడో నేర్పేటప్పుడు వచ్చాయి. 1935లో పారిస్ వెళ్లి అక్కడ నేర్పిన కవాయిషి పేరు దీనికి ఎక్కువగా చెప్తారు. తెలుపు నుంచి నలుపుకి ఏళ్లు పడుతుంది, అన్నాళ్లు ఏమీ మారకుండా ఉంటే జనం మానేస్తారు, అందుకని మధ్యలో రంగులు. ఇది తప్పని నేను అనను. పిల్లలకి దగ్గర్లో ఒక మెట్టు కనపడాలి, లేకపోతే ఏడేళ్ల పిల్ల వానాకాలం ఆదివారం పొద్దున ఆరింటికి ఎందుకు లేస్తుంది?

లెక్క కూడా గమ్మత్తు. నలుపు ముందు వరకు ఉండే మెట్లని క్యూలు అంటారు, పది నుంచి ఒకటికి దిగుతూ వస్తాయి. ఒకటో క్యూ దాటాక మొదటి దాన్, అక్కణ్ణుంచి ఎక్కుతూ పోతాయి. మొదటి దాన్‌ని షోదాన్ అంటారు, ఆ 'షో' అంటే ఆరంభం అని అర్థం. బ్లాక్ బెల్ట్ అంటే అన్నీ వచ్చేసినట్టని మన దగ్గర అందరూ అనుకుంటారు, నిజానికి ఓనమాలు దిద్దడం అయ్యింది, ఇక చదువు మొదలు అని. షోటోకాన్‌లో బ్రౌన్ బెల్ట్‌లోనే మూడు క్యూలున్నాయి, మూడు, రెండు, ఒకటి. బయటివాళ్లకి ఒకే రంగు, లోపలున్నవాళ్లకి మూడు పరీక్షలు.

పైగా రంగుల వరస అందరికీ ఒకటి కాదు. క్యోకుషిన్ అనే ఇంకో కరాటే శాఖలో తెలుపు తర్వాత ఆరెంజ్, తర్వాత నీలం, ఆ తర్వాతే పసుపు. మన షోటోకాన్ క్లాసుల్లో చాలావాటిలో పసుపంటే అప్పుడే మొదలుపెట్టిన పిల్లలు, వాళ్ల దగ్గర పసుపంటే నీలం దాటినవాళ్లు. ఇక టోక్యో ఒలింపిక్స్ వీడియోలు చూస్తూ మా అమ్మాయి "అమ్మా, వీళ్లంతా రెడ్డూ బ్లూనే ఉన్నారేంటి, బ్లాక్ రాలేదా?" అని అడిగింది. పోటీల్లో ర్యాంకుతో పని లేదు, ఒకరు ఎరుపు ఒకరు నీలం, రెఫరీకి ఎవరెవరో తెలియడానికి అంతే అని చెప్తే చాలాసేపు ఆలోచించింది. ఆ రాత్రే అనుకుంటా, "అయితే నేను వైట్ కట్టుకున్నా హేయాన్ షోదాన్ అదే కదా" అంది. నేను ఔననడం తప్ప ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఏడు నెలలు. హాల్లో సోఫా జరిపేసి టైల్స్ మధ్య గీతలు చూసుకుంటూ ఆ తిరగడమే, పాదాల మధ్య భుజాలంత వెడల్పు ఉండేలా ఒక్కో పాదం ఒక్కో గీత మీద పెట్టడం. కింద ఫ్లాట్ వాళ్లు ఒకసారి వచ్చి అడిగారు కూడా ఏంటండీ ఆ చప్పుడని, పాప ప్రాక్టీస్ అంటే పాపం నవ్వి వెళ్లిపోయారు. మధ్యలో ఒక గ్రేడింగ్ జరిగింది, మాస్టర్ గారు దీన్ని కూర్చోబెట్టలేదు, "ఇంకా కాలేదమ్మా" అన్నారు నాతో. పాత నేనైతే గొడవపడేదాన్ని. ఈసారి మంచిదండీ అన్నాను, ఆ మాట కోసమే కదా ఇక్కడ ఫీజు కడుతున్నది.

పోయిన ఆదివారం గ్రేడింగ్ అయ్యింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కటా రెండుసార్లు చేయించారు, రెండోసారి లెక్క చెప్పకుండా. మూడో బ్లాక్, అరుపు, తిరిగింది. రెండు పాదాలూ రెండు గీతల మీద పడ్డాయి. నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది.

ఎల్లో ఇచ్చారు. ఇంటికొచ్చాక రెండు కొసలూ సమానంగా వచ్చేదాకా నాలుగుసార్లు విప్పి కట్టుకుంది. గ్రీన్ బీరువాలో నా పట్టుచీరల పక్కన మడత పెట్టి ఉంది. మొన్న క్లాస్ అయ్యాక మాస్టర్ గారి దగ్గరికి వెళ్లి "సార్, నాకు గ్రీన్ వచ్చినప్పుడు పాతదే కట్టుకోవచ్చా?" అని అడిగింది. ఆయన "అదే కట్టుకో తల్లీ, కొత్తది కొనక్కర్లేదు" అన్నారు.