వయ వందన కార్డు: ముందు ఆస్పత్రి, తర్వాతే ఆధార్

మా కాలనీలో డెబ్బై నిండిన పెద్దవాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డులు (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డులు) చేయిస్తున్నాను. 2024 అక్టోబరు 29న మొదలైన ఈ కార్డుకు ఆదాయంతో పని లేదు. ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం, పాత జబ్బులకైనా మొదటి రోజు నుంచే వర్తింపు. ఇంత చెప్పినా మొదట్లో ఆధార్ చేతికిచ్చేవాళ్లు కాదు. "ఆ కార్డు చూపిస్తే సరిగ్గా చూడరట కదా బాబూ" అనేవారు. వాళ్లు తూచేది బీమాను కాదు, ఆస్పత్రిని. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు అది జనంలోకి అంతలా వెళ్లిందంటే, పేదవాడికి కార్పొరేట్ ఆస్పత్రి తలుపు తెరుచుకోవడమే పెద్ద కారణమని నా నమ్మకం.

అందుకే నేనిప్పుడు ఆస్పత్రుల జాబితాతో మొదలుపెడతాను. ఈ కార్డు నడిచే ఆయుష్మాన్ భారత్ పథకం, అంటే పీఎంజేఏవై, వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా ఎంచుకుని, ఆ తర్వాత స్పెషాలిటీ కూడా తప్పకుండా ఎంచుకోవాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. జాబితాలో పేరుంటే అన్ని జబ్బులూ చూస్తారనుకుంటారు. ఒక ఆస్పత్రి కంటి ఆపరేషన్లకు మాత్రమే పథకంలో ఉండొచ్చు, గుండెకు ఉండకపోవచ్చు. పేరు దొరికాక అక్కడి ఆరోగ్యమిత్ర (పథకం రోగులకు సాయపడే ఉద్యోగి) కౌంటర్‌లో అడుగుతాను: ఈ విభాగంలో ఇప్పుడు కార్డు మీద చేర్చుకుంటున్నారా, ముందస్తు అనుమతికి ఏ రిపోర్టులు కావాలి, అనుమతి రావడానికి మామూలుగా ఎంతసేపు పడుతోంది?

కార్డు ఇవ్వనిదేమిటో కూడా అప్పుడే చెప్పేస్తాను. ఓపీ ఫీజుకు, నెలనెలా కొనే బీపీ మాత్రలకు ఇది రాదు. ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తుంది. చేరడానికి ముందు 3 రోజుల పరీక్షలు, ఇంటికి వచ్చాక 15 రోజుల మందులు అందులో కలిసి ఉంటాయి. ఇది ముందే చెప్పకపోతే మొదటిసారి ఓపీలో డబ్బు కట్టిన రోజే "ఈ కార్డు దండగ" అన్న మాట వీధంతా పాకుతుంది, ఆపైన ఇంకెవరూ చేరరు.

నమోదు పావుగంట పని. ఆయుష్మాన్ యాప్‌లో లబ్ధిదారుగా మొబైల్ నంబరుతో లాగిన్ అయి, 70 దాటినవారి విభాగంలో ఆధార్ నంబరు ఇచ్చి, ఈ-కేవైసీ (ఓటీపీతోనో, వేలిముద్రతోనో, ముఖంతోనో ఆధార్ గుర్తింపు నిర్ధారణ) చేసి, ఫొటో తీసి, చిరునామా, కుటుంబ వివరాలు నింపితే కార్డు దిగుతుంది. వయసుకు ఆధారం ఆధార్ ఒక్కటే. అందులో పుట్టిన తేదీ తప్పుంటే ముందు దాన్ని సరిచేయించాలి.

ఎక్కువగా ఆగిపోయేది ఓటీపీ దగ్గర. ఆధార్‌కు ఎప్పుడో ఇచ్చిన నంబరు ఇప్పుడు వాడుకలో ఉండదు. వేలిముద్ర పెడదామంటే ఏళ్ల తరబడి అంట్లు తోమి, పొలం పని చేసి గీతలు అరిగిపోయి ఉంటాయి. వేలు తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మరో వేలితో ప్రయత్నిస్తాను. అదీ కాకపోతే ముఖ గుర్తింపు. వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, కళ్లజోడు తీయించి, కళ్లు ఆర్పమంటే చాలావరకు పడుతుంది.

సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారుల వైద్య పథకం), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉన్నవాళ్లు మాత్రం తొందరపడకూడదు. పాతదో ఇదో ఒక్కటే ఎంచుకోవాలి. తాము వెళ్లే ఆస్పత్రి ఏ జాబితాలో ఉందో చూసుకున్నాకే నిర్ణయించుకోమంటాను. ఈఎస్ఐ, ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లు వాటితో పాటే ఈ కార్డు తీసుకోవచ్చు.

కార్డు కవరులో ఒక చీటీ కూడా పెడతాను: ఎంచుకున్న ఆస్పత్రి, విభాగం, ఆరోగ్యమిత్ర కౌంటర్ ఎక్కడుందో, డబ్బు అడిగితే ఫోన్ చేయాల్సిన 14555.