వెన్నుపాము దెబ్బ తర్వాత వ్యాయామం: నా అనుభవం

నాకు వెన్నుపాము టీ3 (ఛాతీ వెనక పై నుంచి మూడో వెన్నుపూస) దగ్గర దెబ్బతింది. ఛాతీ నుంచి కిందికి పట్టు లేదు. ఇంటికొచ్చి వ్యాయామం మొదలుపెడదామంటే ఒకటే టెన్షన్: ఎంత చేయాలి, ఎక్కడ ఆపాలి?

చేతులతో తిప్పే సైకిల్ మీద ఆయాసం వచ్చేదాకా తిప్పినా, వాచీలో గుండె వేగం 120 దాటేది కాదు. గుండె వేగాన్ని పెంచే నరాలు వెన్నుపాము పైభాగం నుంచే బయల్దేరతాయని, దెబ్బ అక్కడే తగిలితే మెదడు ఆదేశం గుండెకు సరిగా అందదని ఫిజియో మేడమ్ చెప్పారు. అంకె వదిలేసి ఊపిరి గమనించుకోమన్నారు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ స్థాయి శ్రమ 20 నిమిషాలు, వారానికి రెండుసార్లు. దాంతోపాటు పెద్ద కండరాలకు బరువుల వ్యాయామం. 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పే కనీసం ఇదే. చేయగలననిపించింది.

భుజాల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. కుర్చీ తోసుకోవాలన్నా, మంచం మీదికి మారాలన్నా భారమంతా వాటిదే. తోసి తోసి ముందు కండరాలు గట్టిపడతాయి, వెనకవి బలహీనంగా ఉండిపోతాయి. అందుకని రబ్బరు బ్యాండు కట్టి వెనక్కి లాగడమే ఎక్కువ చేశాను. చక్రాన్ని కూడా చిన్నచిన్నగా తోయకుండా, పొడవుగా ఒక తోపు తోసి, చేతిని రిమ్ము కిందికి జారవిడిచి మళ్లీ వెనక్కి తేవాలి. ఇది అలవాటవడానికి చాలా టైమ్ పట్టింది.

దెబ్బ తగిలిన చోటు నుంచి కిందికి చెమట సరిగా పట్టదు, ఒళ్లు వేడెక్కిపోతుంది కాబట్టి పక్కన నీళ్ల స్ప్రే ఉంచుకుంటాను. మొదలుపెట్టే ముందు మూత్రాశయం ఖాళీ చేసుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానను. టీ6 దగ్గరగానీ అంతకు పైనగానీ దెబ్బ ఉన్నవాళ్లకు నిండిన మూత్రాశయం, బిగుతు పట్టీ లాంటివే బీపీని అమాంతం పెంచేసి ప్రాణం మీదికి తేగలవు. ఒకసారి వ్యాయామం మధ్యలో తల పగిలిపోయేంత నొప్పి, ముఖమంతా వేడి. మేడమ్ వెంటనే నన్ను నిటారుగా కూర్చోబెట్టి, పట్టీలు వదులు చేసి వెతికితే, క్యాథెటర్ గొట్టం (మూత్రాన్ని బయటికి పంపేది) తొడ కింద నలిగి ఉంది. సరిచేశాక తగ్గింది. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఇప్పుడు వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ ఆడుతున్నాను. కదలికను బట్టి ఆటగాళ్లకు 1 నుంచి 4.5 దాకా పాయింట్లు ఇస్తారు; కదలిక తక్కువైతే పాయింట్లూ తక్కువ. కోర్టులోని ఐదుగురివీ కలిపి 14 దాటకూడదు. నాది 1. కుర్చీ అడ్డం పెట్టి, బంతి ఉన్నవాళ్లకు బుట్ట వైపు దారి చేయడం నా పని. నేను కోర్టులో ఉంటే, 4.5 పాయింట్ల వాళ్లకు చోటు దొరుకుతుంది.