కాపీ కొట్టి దొరికిపోయిన లెక్కల మేస్టారు

నిన్న సాయంత్రం రెన్యూవల్ చేయించిన డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చింది. కోపం చల్లారకముందే ఇదంతా రాసేయాలని కూర్చున్నాను.

ఈ ఏడు నాకు 50 నిండాయి. పాత రూలు ప్రకారం ఇచ్చిన నా లైసెన్సు ఆ వయసుతో చెల్లిపోతుంది, మళ్లీ రెన్యూవల్ చేయించుకోవాలి. ఆన్‌లైన్ దరఖాస్తు, ఫీజు పది నిమిషాల పని. ఫారం 1 మనమే నింపుకోవాలి. పట్టపగలు 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు ఒక్కో కంటితో పోల్చుకోగలరా అని అందులో ఒక ప్రశ్న. అవునని టిక్కు పెట్టేశాను. ఒక్కో కన్నూ మూసుకుని చూసుకునే తీరిక ఎవడికుంది?

40 దాటినవాళ్లకి డాక్టరు సంతకంతో ఫారం 1ఎ కూడా కావాలి. మనిషిని చూడకుండానే సంతకం తెచ్చిపెడతానని ఒక బ్రోకరు వెంటపడ్డాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా గదిలో ఒక్క స్లిప్పు అటూ ఇటూ కదలనివ్వలేదు, నాకా దొంగ సంతకం? వద్దని శ్రీకాకుళంలోనే ఒక కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను.

చిన్న గది, తలుపు బార్లా తీసి ఉంది. వరసలో నిలబడ్డవాళ్లందరికీ లోపల జరిగేది కనిపిస్తుంది, వినిపిస్తుంది. నా ముందు ముగ్గురు అదే తెలుగు అక్షరాల బోర్డు పైనుంచి కిందిదాకా చదివారు. విని విని నాకు కంఠతా వచ్చేసింది. నా వంతులో ఎడమ కంటితో గడగడా చదివేశాను. తర్వాత ఆ కన్ను మూయమన్నాడు. పైన పెద్ద అక్షరం కనపడింది. దాని కింద వరస కష్టం మీద కూడబలుక్కున్నాను. ఆ కిందవి అక్షరాలే కావు, తడి కాగితం మీద పాకిన సిరా మరకలు. ఆ క్షణంలో నాకేం పుట్టిందో గాని, కంఠతా వచ్చింది కదా, చివరి వరస దాకా అప్పజెప్పేశాను.

డాక్టరు లేచి బోర్డు తిప్పాడు. వెనకవైపు అంకెలున్నాయి.

“పాఠం బాగానే వచ్చింది మేస్టారూ. ఇప్పుడివి చదవండి.”

లెక్కల మేస్టారికి అంకెలు రావడం లేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వేళ్ల సందులోంచి మంచి కంటితో చూడబోతే అదీ పట్టేసి, చేతికి అట్టముక్క ఇచ్చాడు. అంతలో వరసలోంచి గుసగుస: “మూడు, ఎనిమిది మేస్టారూ!” తిరిగి చూద్దునా, పక్కవాడి పేపరు చూసి రాస్తున్నాడని ఒకప్పుడు నేను గంటసేపు బెంచీ ఎక్కించిన గుంటడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. వాడు వెటకారానికి అనలేదు, సాయం చేద్దామనే అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

“షుగరుందా?”

“తొమ్మిదేళ్లుగా ఉంది.”

“కళ్లెప్పుడు చూపించారు?”

“రెండుసార్లు అద్దాలు మార్చానండీ.”

“నేనడిగింది కళ్ల గురించి.”

అందరి ముందూ అలా అనాలా? తలుపేసి అడిగితే ఏం పోయింది? పని తెలిసినవాడే, మర్యాదే తెలీదు. మీరు వెళ్తే జనం రాకముందే వెళ్లండి. ఇక ఆ అద్దాల షాపువాడి సంగతి. రెండుసార్లూ పవరు మార్చి, “అలవాటైపోద్ది సార్” అన్నాడే గాని, ఓసారి కళ్ల డాక్టరుకి చూపించుకోమని ఒక్క ముక్క అనలేదు.

కుడి కంటికి 6/36 అని రాశారు. మామూలు చూపున్నవాళ్లు 36 మీటర్ల నుంచి చదివేది నేను 6 మీటర్ల దగ్గరికొస్తే గాని చదవలేనని దాని అర్థం. మన దేశంలో 2015-19 మధ్య జరిగిన సర్వేలో 50 దాటినవాళ్లలో 26.68 శాతం మందికి, అంటే నలుగురిలో ఒకరికి పైగా, ఏదో ఒక స్థాయి చూపు లోపం ఉందని తేలింది. అంధత్వానికి మాత్రం పెద్ద కారణం శుక్లాలే. వయసు, షుగరు, పొగాకు అన్నీ కంటికి చేటే. మా అమ్మమ్మ అడ్డచుట్ట, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట, కాల్చేది. ఆవిడకి శుక్లాలు తొందరగా ఎందుకొచ్చాయో ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇక ఆ సర్వే లెక్క, రెండు కళ్లలో మెరుగ్గా ఉన్న కంటి చూపుతో వేస్తారు. అంటే ఎడమ కన్ను బాగున్న నేను ఆ 26.68లో లేను! నాకే తెలియని లోపం సర్కారుకేం తెలుస్తుంది?

చుక్కలేసి చూస్తే, షుగరు వల్ల రెటీనా (కంటి లోపలి వెనక పొర) మధ్యలో నీరు చేరిందని తేలింది. నొప్పి ఉండదు, ఎర్రబడదు. షుగరని తెలిసిన రోజే ఒకసారి, ఆ తర్వాత ఏటా చూపించుకోవాలట. తొమ్మిదేళ్లలో నాకది చెప్పినవాడు లేడు, నేనూ అడగలేదు. చుక్కలేయించుకునే రోజు మాత్రం బండి తీసుకెళ్లకండి. తిరిగొచ్చేటప్పుడు ఎండ కళ్లలో పొడుస్తుంది, దగ్గరి అక్షరాలు ఆనవు.

విశాఖలో నెలకొకటి చొప్పున కంట్లో మూడు ఇంజక్షన్లు చేశారు. పేరు వింటే భయం గాని, మొద్దుబారడానికి మందేస్తారు కాబట్టి చీమ కుట్టినంతే. అమ్మ మాత్రం అరసవల్లి స్వామికి వెండి కళ్లు మొక్కింది, రథసప్తమికి తీర్చాలట. చూపు మెరుగైంది ఇంజక్షన్ల వల్లేనని ఆవిడతో వాదించి లాభం లేదు.

పోయిన వారం మళ్లీ ఆ డాక్టరు దగ్గరికే వెళ్లాను, పొద్దున్నే. అట్టముక్క అడిగి మరీ తీసుకుని కన్ను మూశాను. కుడి కంటితో 6/12 దాకా చదివాను. ఆయన మాట్లాడకుండా లేచి, మళ్లీ బోర్డు తిప్పాడు. అంకెలు కూడా చదివాకే సంతకం పెట్టాడు.

లైసెన్సయితే వచ్చింది. చీకటి పడ్డాక మాత్రం బండి మా ఆవిడే నడుపుతోంది.