ఒక్క ఆకు కణం నుంచి మొక్క దాకా: నా అనుభవం

మాది ప్రకాశం జిల్లా. నాన్న పొగాకు రైతు. బెంగళూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నాకు దొరికిందీ పొగాకు ఆకే. ఆకు కణాలను విడదీసి, ఒక్కో కణం నుంచి మొక్క తేవాలి. ఫోన్లో చెబితే నాన్న, "విత్తనం లేకుండా నారెట్లా వస్తుందమ్మా?" అన్నారు.

ఆ సందేహం చాలా పాతది. 1902లోనే హేబర్‌లాంట్ అనే వృక్షశాస్త్రవేత్త విడి ఆకు కణాలను పెంచి చూశాడు. బతికాయి గానీ ఒక్కటీ రెండుగా చీలలేదు. గోడ తీసేసిన పొగాకు ఆకు కణాల నుంచి పూర్తి మొక్కలొచ్చింది 1971లో.

ఆకు అడుగున ఉండే పల్చటి పొర చిరగకుండా ఒలవడం చేతికి రావడానికే నాకు పది రోజులు పట్టింది. ఒలిచిన ముక్కల్ని సెల్యులేజ్, మాసెరోజైమ్ అనే ఎంజైములు కలిపిన ద్రావణంలో రాత్రంతా చీకట్లో ఉంచాలి. కణం గోడ కరిగిపోతుంది. పొద్దున మైక్రోస్కోప్‌లో చూస్తే ఆకులో కోలగా ఉన్న కణాలన్నీ గుండ్రంగా, పచ్చటి పూసల్లా తేలుతున్నాయి. ఎంత ముద్దొచ్చాయో! కడగడానికి మానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థం లేని ద్రావణం పోశాను. నా కళ్ల ముందే నీళ్లు పీల్చుకుని, ఉబ్బి, ఒక్కొక్కటే పగిలిపోయాయి. గోడ లేని కణానికి ఆ మానిటాలే కాపు. ఆ రోజు అన్నం సయించలేదు.

రెండోసారి బూజు పట్టింది. మూడోసారి మిల్లీలీటరుకి సుమారు 50 వేల కణాలు ఉండేలా చూసుకున్నాను. మరీ పల్చనైతే అవి విభజన చెందవు. నాలుగో రోజు ఒక కణం మధ్యలో సన్నటి గీత కనిపించింది. గోడ మళ్లీ కట్టుకుని, రెండైంది! పక్క బెంచీ అమ్మాయిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను.

ఆ తర్వాత మానిటాల్ కొంచెం కొంచెంగా తగ్గించాను. కొన్ని వారాలకి రవ్వంత ముద్దలు కట్టాయి. మొక్క హార్మోన్లలో ఆక్సిన్ తగ్గించి సైటోకైనిన్ పెంచితే చిగుళ్లు, ఆ హార్మోన్లేవీ లేని పోషక మీడియంలో వేర్లు వచ్చాయి.

సీసాలో పెరిగిన ఆకుకి మైనపు పూత సరిగా ఉండదు, బయట గాలి తగిలితే వాడిపోతుంది. అందుకే కుండీలో కొబ్బరి పొట్టు వేసి నాటి, పాలిథిన్ కవరు కప్పి, రోజూ కాసేపు తెరుస్తూ అలవాటు చేశాను.

నాన్నకి ఫొటో పంపాను. చాలాసేపటికి ఫోన్ చేశారు.

"ఆకు బాగా తిరిగిందమ్మా. నీళ్లు మాత్రం ఎక్కువ పెట్టకు."