గ్రూప్-2 చదువుతూ నా పని ఏదో తెలుసుకున్నాను

గ్రూప్-2కి చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఏ బుక్ చదవాలి, ఏ టెస్ట్ సిరీస్ మంచిది అని చాలామంది అడుగుతున్నారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఈ ఉద్యోగం మీకు ఎందుకు కావాలి? బ్యాంకు, రైల్వే, డీఎస్సీ, ఏ నోటిఫికేషన్ పడితే దానికి అప్లై చేసేవాళ్లు మన శ్రీకాకుళంలో ఎంతోమంది. ఇంటి పరిస్థితులు అలాంటివి, తప్పు పట్టను. కానీ మనసు ఒకచోట నిలవకపోతే చదివింది బుర్రలో నిలవదు.

మాది ఉద్దానం, సోంపేట దగ్గర. అటు కవిటి, కంచిలి, ఇటు మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడికెళ్లినా కిడ్నీ జబ్బు మాటే. ఇన్నేళ్లుగా పరిశోధనలు జరుగుతున్నా కారణం ఇదీ అని ఖచ్చితంగా తేలలేదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్త పరీక్షలో చెప్పే క్రియాటినిన్ అంటే ఏమిటో అక్షరం రాని ముసలివాళ్లకు కూడా తెలుసు మా దగ్గర. మా మావయ్యను డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లేవాణ్ణి. ఒక్కసారి మెషిన్ మీద పడుకోబెడితే సుమారు నాలుగు గంటలు. అంతసేపూ బయట బెంచీ మీద పాలిటీ చదువుకునేవాణ్ణి.

అక్కడే ఒకావిడ పింఛను కాగితాలు నా చేతిలో పెట్టి, "బాబూ, ఇందల ఏటి రాసున్నాదో సూడు" అంది. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి ఆవిడ వేళ్లు నల్లగా అయిపోయాయి. రిపోర్టులో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఒక్క అక్షరం తేడా! దాని కోసం జబ్బు మనిషిని ఇంట్లో వదిలి తిరుగుతోంది. అర్జీ రాసిచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దేవుడు మనల్ని ఏ పనికి పుట్టించాడో ఎవరూ వచ్చి చెప్పరు. ఏది చూస్తే కడుపు తరుక్కుపోతుందో అదే ఆయన పిలుపని నా నమ్మకం. పరీక్షకు ముందు హాల్ టికెట్ పట్టుకుని అరసవల్లి వెళ్లి ఉద్యోగం ఇమ్మని మొక్కుతాం కదా. ఏ పని మీద పంపావు స్వామీ అని కూడా అడగండి.

అప్పట్నుంచి ఆదివారం పొద్దున మా ఊరి రామమందిరం అరుగు మీద కూర్చుని అర్జీలు రాస్తున్నాను. చదువు పాడవుతుందని అమ్మ కంగారుపడింది. నిజానికి చదువుకే బలం వచ్చింది. పంచాయతీల కోసం రాజ్యాంగానికి చేసిన 73వ సవరణతో వచ్చిన 11వ షెడ్యూల్‌లో 29 అంశాలు ఎన్నిసార్లు బట్టీ పట్టినా మర్చిపోయేవాణ్ణి. వాటిలో తాగునీరు ఉంది, ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఉన్నాయి. హిరమండలం నుంచి పైపుల్లో మా వైపు వచ్చే వంశధార నీళ్లు గుర్తుచేసుకుంటూ చదివాక ఇక మర్చిపోలేదు. ప్రిలిమ్స్‌లో 30 మార్కుల ఇండియన్ సొసైటీ కూడా అంతే, ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ల బతుకులే అందులో కనిపించాయి. డిప్యూటీ తహసీల్దార్ పోస్టు ఎందుకు కావాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు తడుముకోను. ఆవిడ కాగితం లాంటివి వచ్చే బల్ల దగ్గర నేనుండాలి.

మెయిన్స్ టెన్షన్ నాకూ ఉంది. అయినా ఆదివారం మానను. మీ మనసు దేని దగ్గర ఆగుతోందో దానికి ఈ వారమే రెండు గంటలు ఇచ్చి చూడండి, రిజల్ట్ వచ్చేదాకా ఆగకండి. సోంపేట చుట్టుపక్కల ఉన్నవాళ్లయితే మా అరుగు దగ్గరికే రండి. రాయాల్సిన అర్జీలు చాలా ఉన్నాయి, ఇంకో ఇద్దరు కావాలి.